ముప్పై ఎనిమిదో ఏటి పదిమంది

కార్వర్స్ లాండింగ్, అయోవా
జనవరి 12, 1958

అన్నయ్యకి,

నువ్వు పంపిన నారింజపళ్ళు అందాయి. రెండు దారిలోనే చెడిపోయాయి. మిగతావి నేను తిని, పక్కింటికి కూడా పంచాను. ఇక్కడ నది అంచుల దాకా గడ్డకట్టింది. నీ ఆయాసం ఎలా ఉంది? "బాగుంది" అని ఒక్క ముక్క రాసి తప్పించుకోకు.

ఇప్పుడు అసలు సంగతి. మైదానంలో పాత చెక్క మెట్లన్నీ పీకేసి కొత్త గ్యాలరీ కడుతున్నారు. గేటు పక్కన ఇత్తడి పలక పెడతారట. మన ఊరి బేస్‌బాల్ జట్టు రాష్ట్ర ఫైనల్ దాకా వెళ్ళింది ఒక్క 1938లోనే కదా, ఆ సీజన్లో ఆడిన పద్దెనిమిది మందిలో ఉత్తములైన పదిమంది పేర్లు, ఒకటి నుంచి పది దాకా వరసలో, దాని మీద చెక్కిస్తారు. జూన్ పధ్నాలుగున ఆవిష్కరణ.

మేయరు స్వయంగా ఇంటికొచ్చాడు. "ఎడిత్ గారూ, ఆ జట్టుకి కోచ్ మీ అన్నగారు, స్కోరు రాసింది మీ ఆయన. మిమ్మల్ని కాక ఇంకెవర్ని అడగమంటారు?" అన్నాడు. ఆస్కర్ పోయి నాలుగేళ్ళయినా ఆయన స్కోరు పుస్తకాలు అటక మీద అలాగే ఉన్నాయి. ఒక్క కాగితం కూడా చెదరలేదు.

నీ పదిమందిని రాసి పంపు. నేను అంకెలు చూసి పెడతాను. తర్వాత పోట్లాడుకుందాం. చిన్నప్పటి నుంచీ మనిద్దరికీ బాగా వచ్చిన పని అదొక్కటే.

నీ చెల్లెలు,
ఎడిత్

టూసాన్, అరిజోనా
జనవరి 27

ఎడిత్,

ఆయాసం బాగుంది. (చూశావా, ఒక్క ముక్క కాదు, రెండు.) ఇక్కడ జనవరిలో చొక్కా చేతులు మడుచుకుని వరండాలో కూచుంటున్నాను. పారతో మంచు ఎత్తే పని ఇక నా జన్మలో లేదు.

పలక సంగతి విని వారం రోజులు నిద్రాహారాలు మానేసి జాబితా తయారు చేశాను. ఒకటి, వెండెల్ ఓట్స్. షార్ట్‌స్టాప్‌లో వాడు నిలబడితే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య గోడ కట్టినట్టు ఉండేది. రెండు, గస్ టిమ్మర్‌మన్. అంత మంచి క్యాచర్ని నేను మళ్ళీ చూడలేదు. మూడు, ఓర్విల్ ప్రైస్. మిగతావాళ్ళ పేర్లు వేరే కాగితం మీద రాసి జత చేశాను. పదో పేరు దగ్గర చాలా తటపటాయించి చివరికి ఎల్మర్ ఫించ్‌ని వేశాను. కష్టపడే మనిషి.

పోట్లాటకి సిద్ధం.

హెర్మన్

కార్వర్స్ లాండింగ్
ఫిబ్రవరి 9

అన్నయ్యా,

ఎల్మర్ ఫించ్ కష్టపడే మనిషే, కాదనను. బ్యాటు ఊపడానికి కష్టపడ్డాడు, తగిలించడానికి పడలేదు. ఆ సీజన్ మొత్తం ఎల్మర్ బ్యాటుకి బంతి తగిలిందే పదిహేడు సార్లు. అందులో రెండు అతని మోకాలికి తగిలి బ్యాటు మీదికి వచ్చినవి. ఆస్కర్ పక్కన బొమ్మ కూడా గీశాడు.

అది సరే. మిలో వాన్యెక్ పేరేది?

కాగితం తిప్పి చూశాను, కవరు దులిపి చూశాను. ఇరవై రెండు ఆటల్లో బంతి విసిరి పంతొమ్మిది గెలిపించినవాడు. వాడు లేకపోతే మనం ఫైనల్ కాదు కదా, పక్క జిల్లా దాకా కూడా వెళ్ళేవాళ్ళం కాదు. ఫైనల్ రోజు ఏమైందో నాకూ తెలుసు, ఊరందరికీ తెలుసు. తాగి వచ్చాడు, మొదటి ఇన్నింగ్స్‌లోనే బంతులు అడ్డదిడ్డంగా విసిరి ఆరుగుర్ని ఊరికే బేస్‌ల మీదికి పంపాడు, ఆట పోయింది. కానీ మనం ర్యాంకు వేస్తున్నది సీజన్‌కి, ఒక్క పూటకి కాదు కదా?

ఎడిత్

టూసాన్
ఫిబ్రవరి 20

ఎడిత్,

ఎల్మర్ని తీసేయి, పట్టుబట్టను. ఆ చోట హాంక్ డెట్మర్ని వేసుకో.

మిలో విషయం వదిలెయ్. ఆఖరి రోజు జట్టుని ముంచినవాడి పేరు ఇత్తడి మీద చెక్కిస్తే ఊళ్ళోవాళ్ళు ఊరుకోరు. వాడికీ అవమానమే, గేటు దగ్గర ఎవడో ఒకడు ఏదో ఒకటి అంటాడు. నా మాట విను.

ఎండలు బాగున్నాయి. డాక్టరు కొత్త మందు రాశాడు.

హెర్మన్

కార్వర్స్ లాండింగ్
మార్చి 16

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎంత వెతికినా అందులో నువ్వు కనిపించలేదు. ఊళ్ళోవాళ్ళు ఊరుకోరని నువ్వెప్పుడు భయపడ్డావు? మాటాడుతూ మాటాడుతూ ఎండల్లోకీ మందుల్లోకీ ఎప్పుడు జారుకున్నావు?

నేను పుస్తకాలు తీసి తేదీలు చూశాను. ఫైనల్ సోమవారం, సెప్టెంబరు అయిదు. అంతకు ముందు శనివారం సెమీఫైనల్లో మిలో పద్నాలుగు ఇన్నింగ్స్ విసిరాడు. దానికి ముందు బుధవారం తొమ్మిది, అంటే ఒక పూర్తి ఆట. మొత్తం ఫైనల్‌కి ముందు అయిదు రోజుల్లో ఇరవై మూడు ఇన్నింగ్స్. మనిషి చెయ్యా అది, తిరగలి పిడా?

మొన్న బడికి వెళ్ళాను. నేను పాఠాలు చెప్పడం మానేసినా మిలో అక్కడే ఉన్నాడు, అవే బాయిలర్లు, అవే తాళాల గుత్తులు. అన్నయ్యా, పద్దెనిమిదేళ్ళు మేమిద్దరం ఒకే కప్పు కింద పనిచేశాం. రోజూ "గుడ్ మార్నింగ్ టీచరు గారూ" అనేవాడు, నేనూ అనేదాన్ని. అంతే. పిల్లలు చాటుగా "సీసా మిలో" అని కూసినప్పుడు నేను వాళ్ళని తిట్టేదాన్ని. కానీ అబద్ధం చెప్పినందుకు కాదు, మర్యాద లేనందుకు. అబద్ధమేమో అన్న ఆలోచనే నాకు రాలేదు.

ఈసారి అడిగేశాను. "మిలో, ఆ రోజు నువ్వు నిజంగా తాగి వచ్చావా?"

అతను బొగ్గు పార పక్కన పెట్టాడు. కుడి చెయ్యి తిన్నగా చాపలేడు, నీకు తెలుసా? మోచెయ్యి దగ్గర కొక్కెంలా వంగిపోయింది. "తాగాను టీచరు గారూ," అన్నాడు.

"ఎందుకు?"

"ఆ ముక్క కోచ్ గారినే అడగండి."

"నువ్వు చెబితే ఏం పోయింది?"

"నేను చెబితే ఫిర్యాదవుద్ది. ఆయన చెబితే వేరే," అని బాయిలర్ వైపు తిరిగిపోయాడు.

అందుకే నిన్ను అడుగుతున్నాను.

ఎడిత్

కార్వర్స్ లాండింగ్
ఏప్రిల్ 13

అన్నయ్యా,

నెల కావస్తోంది. పోస్టాఫీసులో అబ్బాయి నన్ను చూడగానే తల అడ్డంగా ఊపుతున్నాడు. ఒంట్లో బాగాలేకపోతే పక్కింటివాళ్ళతోనైనా ఒక ముక్క రాయించు. బాగానే ఉంటే నీ చేత్తోనే రాయి.

ఎడిత్

టూసాన్
ఏప్రిల్ 27

చెల్లెమ్మా,

ఇది నాలుగోసారి మొదలుపెట్టిన ఉత్తరం. మొదటి మూడింటిలో సాకులే ఉన్నాయి, చించేశాను.

ఆ సోమవారం పొద్దున జట్టు దిగిన హోటల్లో మిలో నా గదికి వచ్చాడు. చొక్కా ఒక చేతికే తొడిగి ఉంది, రెండో చెయ్యి చొక్కాలో పట్టలేదు. మోచెయ్యి అంత వాచింది. ముట్టుకుంటే కాలిపోతోంది.

"నా వల్ల కాదు కోచ్ గారూ. వేళ్ళలో తిమ్మిరి. బంతి పట్టుకున్నానో లేదో కూడా తెలీడం లేదు," అన్నాడు.

ఎడిత్, వాడికి అప్పుడు ఇరవై రెండేళ్ళు. నాకు నలభై ఒకటి. హార్డ్‌వేర్ కొట్టు నడుపుకునే మనిషిని, ఒక్కసారి ఆ కప్పు పట్టుకుని ఊళ్ళోకి వస్తే జనం నన్ను భుజాల మీద ఎత్తుకుంటారని నెల రోజులుగా కలలు కంటున్నాను. "నాలుగు ఇన్నింగ్స్ చాలు మిలో, తర్వాత నేను దింపేస్తాను," అన్నాను. వాడు తల ఊపలేదు. నేను పెట్టె తెరిచి విస్కీ తీసి గ్లాసు నిండా పోశాను. "నొప్పి తెలీదు, తాగు." వాడికి అలవాటు లేదు, దగ్గు వచ్చింది. ఇంకో గ్లాసు పోశాను. నేనే పోశాను.

తర్వాత జరిగింది నీకు తెలుసు. మొదటి ఇన్నింగ్స్‌లో ఏదో తెగిన చప్పుడు నాకు బెంచీ దాకా వినపడింది. వాడు అరవలేదు. ఆ తర్వాత కూడా నేను వాడిని దింపలేదు, ఇంకా ఇద్దరికి విసిరించాను. ఆట అయ్యాక ఎవరో వాడి దగ్గర వాసన పట్టి, "వీడు తాగి వచ్చాడ్రా!" అని కేకేశారు. అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచాను. మూసేశాను. రేపు ఊరెళ్ళాక చెబుదాం అనుకున్నాను. ఆ రేపటికి ఇరవై ఏళ్ళు నిండబోతున్నాయి.

ఈ ఊరు వచ్చింది ఊపిరితిత్తుల కోసమే అని అందరికీ చెప్పాను. అందులో సగమే నిజం. పొద్దున్నే కొట్టు తెరిచేసరికి వాడు వంకర చేత్తో తాళాల గుత్తి పట్టుకుని నా కిటికీ ముందు నుంచే బడికి నడిచి వెళ్ళేవాడు. టోపీ ఎత్తి నమస్కారం పెట్టేవాడు.

నన్ను అసహ్యించుకో. కానీ ఉత్తరం రాయడం మానకు.

హెర్మన్

కార్వర్స్ లాండింగ్
మే 4

అన్నయ్యా,

రెండు రోజులు నీ మీద మండిపడ్డాను. గిన్నెలు గట్టిగా పెడితే పక్కింటావిడ వచ్చి, ఏమైందమ్మా అని అడిగింది. మూడో రోజు ఏడ్చాను. ఎవరి కోసమో తెలీదు. మీ ఇద్దరి కోసం కావచ్చు.

నేనూ నీ దగ్గర ఒకటి దాచాను. ఫైనల్ ఆట పేజీ వెనక ఆస్కర్ పెన్సిల్‌తో చిన్నగా రాసుకున్నాడు: "హె. గదిలో రెండు గ్లాసులు పోశాడు. మి. వద్దన్నాడు. తలుపు తెరిచే ఉంది. నేను లోపలికి వెళ్ళి ఉండాల్సింది." ఇది నేను ఫిబ్రవరిలోనే చదివాను. అయినా నీకు రాయలేదు, నీ నోటితోనే వినాలని. మార్చిలో బడికి వెళ్ళినప్పుడు కూడా తెలిసే వెళ్ళాను. నువ్వు ఇంకా ఆరు నెలలు మౌనంగా ఉండి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలీదు.

ఆస్కర్ నాతో పదహారేళ్ళు ఒకే బల్ల మీద అన్నం తిని, ఒక్క మాట చెప్పలేదు. బావగారి పరువని ఊరుకున్నాడు. ఆయన మీద కూడా కోపం వస్తోంది. చచ్చిపోయినవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో!

నిన్ను అసహ్యించుకోవడం నా వల్ల కాదు. కానీ ఇది ఉత్తరంలో చెప్పి ఊరుకునే సంగతి కాదు. ఎవరికి చెప్పాలో నీకు తెలుసు.

ఎడిత్

టూసాన్
మే 13

ఎడిత్,

వస్తున్నాను. జూన్ పన్నెండుకి అక్కడ ఉంటాను. నా ఊపిరితిత్తులకి ఆ తేమ పనికిరాదని డాక్టరు ఒక ఉపన్యాసం ఇచ్చాడు. నేను టోపీ పెట్టుకుని లేచి వచ్చేశాను.

జాబితా మార్చు. మిలోని ఒకటిలో పెట్టు. ఇందులో పోట్లాట వద్దు.

హెర్మన్

కార్వర్స్ లాండింగ్
మే 22

అన్నయ్యా,

పోట్లాట ఉంది.

మిలోకి నువ్వు బాకీ పడ్డది నిజం. ఆ బాకీ ఊరి ఇత్తడితో తీరుస్తానంటే కుదరదు. నేను వారం రోజులు అంకెలు వేశాను. వెండెల్ ఓట్స్ ఆ ఏడు వందసార్లు బ్యాటు పడితే ముప్పై తొమ్మిది సార్లు కొట్టాడు, నలభై ఆటల్లో చేజార్చింది నాలుగే నాలుగు బంతులు. మిలో గొప్ప పిచ్చరే, కానీ వెండెల్ ప్రతి ఆటా ఆడాడు. నా లెక్కలో వెండెల్ ఒకటి, మిలో రెండు, గస్ మూడు. వెండెల్ యుద్ధంలో పోయాడని ఒకటి వెయ్యలేదు. మిలో నష్టపోయాడని రెండు వెయ్యలేదు.

అయినా అనుమానం వదల్లేదు, వాన్యెక్ వాళ్ళింటికే వెళ్ళి కాగితం చూపించాను. మిలో కళ్ళద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి చదివాడు.

"రెండా?" అన్నాడు.

నేను పుస్తకం తెరవబోయాను. "తక్కువైందా?"

"ఎక్కువైంది. గస్‌ని రెండులో వెయ్యండి. నేను విసిరిన సగం బంతులు నేలలోకి పోయేవి. ఆ మనిషి మోకాళ్ళ మీద పడి పట్టకపోతే నా పంతొమ్మిది ఎక్కడివి?"

ఇద్దరం ముప్పావుగంట వాదించుకున్నాం. అన్నయ్యా, అతను ఎన్ని గుర్తుపెట్టుకున్నాడో చూడాలి! జూలైలో ఏ ఆటలో గాలి ఎటు వీచిందో కూడా చెప్పాడు. ఇరవై ఏళ్ళుగా అతనితో ఎవరూ ఆ సీజన్ గురించి మాట్లాడినట్టు లేరు. అతని భార్య లిబ్బీ తలుపు దగ్గర నిలబడి వింటూ ఉంది.

చివరికి నేనే గెలిచాను, పుస్తకం నా చేతిలో ఉంది కాబట్టి. గస్ మూడు.

నువ్వు వస్తున్నావని చెప్పాను. "ఓహో," అని మాత్రం అన్నాడు.

ఎడిత్

కార్వర్స్ లాండింగ్
జూన్ 29

అన్నయ్యా,

రైలు ప్రయాణం ఎలా సాగింది? దగ్గు తగ్గిందా?

మైకు ముందు ఏం మాట్లాడావో ఒక్క ముక్క గుర్తులేదని వెళ్ళేముందు అన్నావు. నేను రాసి పెడతానన్నాను కదా, ఇదిగో.

నువ్వు పలక మీది పదిమంది పేర్లు చదివావు. రెండో పేరు దగ్గర వెనక వరసల్లో గొణుగుడు మొదలైంది. ఎవరో నవ్వారు కూడా. నువ్వు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఆ రోజు మిలో వాన్యెక్ విసరలేనన్నాడు. నేను రెండు గ్లాసులు పోసి తాగించి విసిరించాను. చెయ్యి పోగొట్టింది నేను. పేరు పోగొట్టింది కూడా నేనే. మీరు ఇరవై ఏళ్ళు తప్పు మనిషిని తిట్టారు," అన్నావు. అంతే. నాలుగైదు వాక్యాలు. నిమిషం కూడా పట్టలేదు. మధ్యలో ఆయాసంతో ఆగావు. అప్పుడు జెండా తాడు స్తంభానికి కొట్టుకునే చప్పుడు ఒక్కటే వినిపించింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మేయరుకి కొట్టాలో మానాలో తెలియలేదు. అప్పుడు లిబ్బీ లేచింది. నీ ముందుకు వచ్చి అన్నది నీకు గుర్తులేదేమో, నాకు ఉంది. "నేను ఇరవై ఏళ్ళు ఈ ఊళ్ళో తల వంచుకుని రొట్టెల కొట్టుకెళ్ళాను కోచ్ గారూ. మీరు నిమిషంలో చెప్పేశారు. ఇంత చిన్న మాటా అది?" అని నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఆ తర్వాత గస్ టిమ్మర్‌మన్ మిలో దగ్గరికి వెళ్ళి, అంత లావు మనిషీ చిన్నపిల్లాడిలా ఏడుస్తూ, "నేనూ నమ్మాన్రా, నేనూ నమ్మాను," అన్నాడు. మిలో అతని వీపు మీద ఎడమ చేత్తో తడుతూ, "నువ్వు రెండులో ఉండాల్సింది, టీచరమ్మ ఒప్పుకోలేదు," అన్నాడు.

నువ్వు ఆ తర్వాత ఆరు రోజులూ పొద్దున్నే వాన్యెక్ వాళ్ళింటికి వెళ్ళావు. అక్కడ ఏం జరిగిందో నేను అడగలేదు. నువ్వు చెప్పలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

ఎడిత్

టూసాన్
జూలై 10

చెల్లెమ్మా,

ప్రయాణం సుఖంగానే సాగింది. దగ్గు ఉంది, అదెక్కడికీ పోదు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. మొదటి రోజు వెళ్ళి గుమ్మంలోనే నిలబడి, "మిలో, నన్ను క్షమించు," అన్నాను. దారి పొడుగునా బట్టీ పట్టిన మాట అది. వాడు కుర్చీ లాగి కూచోమన్నాడు. లిబ్బీ మిలో ముందు కాఫీ పెట్టింది, నా ముందు పెట్టలేదు.

మిలో కాఫీ సగం తాగి కప్పు నా వైపు తోశాడు. "క్షమించానంటే మీరు రైలెక్కి వెళ్ళిపోతారు కోచ్ గారూ. అందుకని చెప్పను. రేపు కూడా రండి."

రెండో రోజు వెళ్ళాను. మూడో రోజు వెళ్ళాను. పెరట్లో కంచె బాగుచేస్తుంటే నేను మేకులు అందించాను. మాట్లాడింది అంతా ఆట గురించే. నాలుగో రోజు వాడు ఉన్నట్టుండి అన్నాడు: "మీరు చెబుతారని ఎదురుచూశాను. మొదటి ఏడాది ప్రతి ఆదివారం చర్చి అయ్యాక మెట్ల మీద ఆగేవాడిని, మీరు పలకరిస్తారేమోనని. తర్వాత ఎదురుచూడటం మరిచిపోయాను. పనులుంటాయి కదా." అది కోపంగా అనలేదు ఎడిత్. కోపంగా అని ఉంటే నాకు సుఖంగా ఉండేది.

అయిదో రోజు లిబ్బీ నా ముందు కూడా కప్పు పెట్టింది. చక్కెర వెయ్యలేదు. నేను అడగలేదు.

ఆరో రోజు స్టేషన్‌కి నా పెట్టె వాడే మోశాడు, ఎడమ చేత్తో. నేను మొయ్యబోతే, "ఆయాసం మనిషి, మీరు నడవండి చాలు," అని కసిరాడు. రైలు కదిలే ముందు కిటికీ దగ్గరకి వచ్చి నిలబడ్డాడు. నేను అడగకుండా ఉండలేకపోయాను. "ఇంకా లేదా మిలో?"

"ఇంకా లేదు," అన్నాడు నవ్వుతూ. నిజంగా నవ్వాడు, పళ్ళు కనిపించేలా. "కంచె సగమే అయింది కదా."

డాక్టరుకి ఇంకా చెప్పలేదు. అక్టోబరు మొదటి వారానికి టికెట్టు తీసుకున్నాను, తిరుగు టికెట్టు తీసుకోలేదు. ఆస్కర్ గది ఖాళీ చేయించి పెట్టు.

హెర్మన్